చేని కావలి – క్రొత్తవారికి కొన్ని మాటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



జనగామ ప్రాంతపు చెలకలలో తొలకరి విత్తనము పడిన మరునాటి ఉదయమును గమనించినవారికి ఈ దృశ్యము పరిచితమే. తూర్పు తెల్లవారుచుండగా గుట్టమీది బండసందులనుండి నాలుగైదు పావురములు బయలుదేరి, చేనిపై ఒక చుట్టు తిరిగి, సాళ్ల నడుమ వ్రాలును. వాటిని చూచి మరి పది వ్రాలును. పొద్దు బారెడెక్కునప్పటికి చేనిలో నూరు పక్షులుండును. రైతు వచ్చి చేతికందిన రాయి విసరును. మంద లేచి, చేని రెండవ కొసను దిగును. రైతు అక్కడికి పరుగిడును; అది మొదటి కొసకు మరలును. ఆనాటి రాత్రి అన్నము తినుచు అతడు కుమారునితో, "రేపటిసంది నువ్వే చేనుకాడ ఉండాలె బిడ్డా" అనును.

ఆ కుమారుడు చదువు ముగించి సేద్యమున క్రొత్తగా అడుగిడినవాడు. కావలి యనగా నేమో అతడెరుగడు. అతడు విన్న మాట ఒక్కటే: తుపాకి యున్నచో ఒక్క దెబ్బకు నాలుగు పావురములు రాలునని. అట్టి క్రొత్తవానికి ఉపయోగపడు సంగతులు కొన్ని తెలుపుటయే ఈ ఉపన్యాసపు ఉద్దేశము. దీని సారమంతయు ఒక్క వాక్యమున చెప్పవచ్చును: కావలివాని నేర్పును రాలిన పక్షులతో కాక, మొలచిన గింజలతో కొలువవలెను.

తుపాకి మాట

వేట ఒకప్పుడు ఈ ప్రాంతమున గొప్పవారి వినోదము. కాలము మారినది. పాకాల చెరువు చుట్టునుగల అడవి 1952లో అభయారణ్యమైనది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి, గువ్వలను, పచ్చపావురములను తన పట్టికలో చేర్చుకొన్నది. 1991 నాటి సవరణతో లైసెన్సు తీసికొని వేటాడు పద్ధతియే తొలగిపోయినది. 2022లో చేయబడి, 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన సవరణ, కాకిని ఎలుకను హానికరములని పేర్కొన్న పాత పట్టికనుగూడ తీసివేసినది. ఇక తుపాకి చేతబట్టుటకు 1959 నాటి ఆయుధ చట్టము క్రింద అనుమతి వేరుగా కావలెను. ఎగురుచున్న మందలో ఏది గువ్వయో ఏది పావురమో చూపు కుదరని క్రొత్తవాడు గుర్తింపజాలడు. చేని ఆవల బాటమీద నడచు మనుష్యుల ప్రాణముల మాట వేరే చెప్పనక్కరలేదు. కావున క్రొత్తవాడు తుపాకి తలంపును ఇంటివద్దనే విడిచి చేనికి పోవుట మేలు.

చట్టమటుండ, తుపాకివలన పంట దక్కునా? ఈ ప్రశ్నకు ఇంగ్లాండు దేశము సమాధానము చెప్పినది. అచ్చట అడవిపావురములు గుంపులు గుంపులుగా చేలపై పడి ఆకును గింజను తినును. వాటిని కాల్చుటకు రైతులకు ప్రభుత్వము తూటాల వెలలో కొంత భరించెడిది. మర్టన్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును కేంబ్రిడ్జి మండలములోని చేలలో ఏండ్ల తరబడి పక్షులను లెక్కించి, 1974లో తమ ఫలితములను ప్రకటించిరి. శీతకాలమున ఎన్ని పక్షులను కాల్చినను, వసంతము వచ్చుసరికి వాటి సంఖ్య తగ్గలేదని తేలినది. ఆ పక్షుల సంఖ్యను నిర్ణయించునది తూటా కాదు, చలికాలపు మేత. కాల్చబడినవానిలో పెక్కు ఎట్లును ఆకలికి చావవలసినవే. అవి పోగా మిగిలినవానికి మేత సమృద్ధిగా దొరకినది. అనగా తూటా వ్యయమైనది, పావురము తగ్గలేదు.

ఏ పక్షి, ఏ దినములు

కావలివాడు మొదట పక్షిని గుర్తింప నేర్వవలెను. చేనిమీదికి వచ్చు పిట్టలన్నియు ఒక్క తీరువి కావు.

నీలిపావురము బండలలో కాపురముండు జాతి. గుట్టల బండసందులు, ఖిలాషాపురపు కోటవంటి పాతగోడలు, గుడిగోపురములు, నీరు తోడుట మానిన మోటబావుల దరులు దానికి అనువైన తావులు. ఇది మందగా వచ్చును. గువ్వలు జంటలుగాగాని చిన్న గుంపులుగాగాని వచ్చును; కలుపుమొక్కల గింజలనుగూడ తినును. భూపాలపల్లి అడవుల అంచున మర్రి, మేడి, రావి చెట్లపై కనబడు పచ్చపావురము పండ్లు తిని బ్రదుకునది. విత్తిన చేనికి దానివలన భయము లేదు. రామచిలుక కంకిని పట్టుకొని వ్రేలాడుచు కొరుకును. గిజిగాడును జీనువాయియు తీగెవంటి కాడపైననైన నిలువగలవు.

పావురము అట్లు నిలువలేదు. అది నేలమీద నడచుచు ఏరుకొని తిను పక్షి. ఈ ఒక్క సంగతి తెలిసినవానికి సగము శ్రమ తగ్గును. పావురమునుండి చేనికి అపాయము ముఖ్యముగా రెండు మారులు: విత్తినది మొదలు మొలక నిలదొక్కుకొను వరకును, పంట కోసి గింజ నేలరాలు దినములలోను, కల్లములోను. నడుమనున్న నెలలలో పావురమును తరుముచు తిరుగుట వృథాశ్రమ. మక్కకంకి పాలుపోసుకొన్నప్పుడు వచ్చు శత్రువు రామచిలుక. దానికి ఉపాయము వేరు.

విత్తిన దినములలో అపాయ మెంతటిది? ఒక పావురము దినమునకు సుమారు 30 గ్రాముల గింజ తినును. నూరు పావురములకు 3 కిలోలు. మక్కకు ఎకరమునకు 8 కిలోల విత్తనము చాలును. ఈ లెక్క కాగితముమీదిదే. మట్టిలోని ప్రతి గింజయు పక్షి కంటబడదు. అయినను వారము దినములు కావలి లేని ఎకరపు చేనికి ఏమగునో ఊహించుట కష్టము కాదు. విత్తనము మరల కొనవలెను. అంతలో అదను తప్పును. చిన్న రైతునకు డబ్బు నష్టముకంటె అదను నష్టమే పెద్దది.

పక్షుల త్రోవ

క్రొత్తవాడు మొదటి ఉదయము ఒడిసెల ముట్టరాదు. చేని గట్టున ఒక చెట్టుక్రింద కదలక కూర్చుండి చూచుటయే ఆనాటి పని. విత్తుటకు ఒకటి రెండు దినములు ముందుగా, ప్రక్కచేలలో పక్షులు మేయుచుండగా ఈ పని చేసికొన్నచో గింజ నష్టము ఉండదు.

పావురము తోచినట్లు తిరుగునది కాదు. రాత్రి నిలుచు చోటు, మేయు చోటు, నీరు త్రాగు చోటు, మధ్యాహ్నము నీడపట్టున ఉండు చోటు: ఈ నాల్గింటి నడుమ దాని త్రోవ దాదాపు స్థిరముగా నుండును. గుట్టనుండి ఏ చింతచెట్టు మీదుగా వచ్చుచున్నవి? మొదట ఎక్కడ దిగుచున్నవి? ఎన్ని గంటలకు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము దొరకినచో ఆ ఉదయము సార్థకము. మొదట దిగు చోటు సాధారణముగా చెట్లకు పొదలకు దూరముగా, నాలుగు దిక్కులు కనబడు బయలుగా నుండును. నాగలియో ట్రాక్టరో మళ్లిన కొసలలో విత్తనము చిందినచో, ఆ చిందిన గింజయే వాటికి మొదటి ఆహ్వానము.

వేళలు కూడ స్థిరమే. తెల్లవారినప్పటినుండి రెండు మూడు గంటలు, మరల పొద్దు వాలినప్పటినుండి అస్తమయము వరకు పక్షులు ముమ్మరముగా మేయును. ఎండ ముదిరిన వేళ నీడను చేరును. దినమెల్ల అరచి అలసినవాడు సాయంకాలపు మందకు చేను అప్పగించును. రెండు పూటలు మెలకువగా నుండి, నడిమధ్యాహ్నము విశ్రమించినవాడు పది దినములు కావలి కాయగలడు.

మొదటి నాలుగు పక్షులు

ఇంగ్లాండులోని పావురపు వేటగాండ్రు కొయ్య పావురములను చేలలో నిలిపి, తాము మాటున దాగుకొందురు. ఎగురుచు పోవు మంద క్రింద మేయుచున్నట్లున్న పక్షులను చూచి నమ్మి దిగును. ఈ విద్యలో కావలివానికి గొప్ప పాఠమున్నది. చేనిలో వ్రాలిన ప్రతి పావురమును ఆకాశముననున్న పావురమునకు పిలుపే. నాలుగు దిగినచో నలుబది దిగును. నలుబదింటిని లేపుట కష్టము. లేపినను అవి రుచి మరగి మరల వచ్చును. ఆ నాలుగింటిని దిగకముందే మళ్లించుట సులభము.

అందుచేత కావలివాని స్థానము చేని నడుమ కాదు; పక్షులు వచ్చు దిక్కున, అవి మొదట దిగు చోటికి చేరువన. పొద్దు వెన్నుకు ఉండునట్లు కూర్చుండినచో పక్షి ముందుగా కనబడును. ఎల్లప్పుడును కనబడుచుండు మనిషికి పక్షి అలవాటుపడును. గట్టుమాటునుండి తటాలున లేచి కూత వేసిన మనిషికి అంత త్వరగా అలవాటుపడదు. ఏండ్ల తరబడి చేను కాచిన తాత మనుమనికి చెప్పవలసివచ్చినచో ఇట్లు చెప్పును: "రాయి పిట్టకు తాకితె ఒక్కటే పడ్తది బిడ్డా. పిట్ట దిగే జాగల పడితె మందంత మళ్లుతది."

క్రొత్తవారి ఫలితములు చెడుటకు ముఖ్యకారణ మిదియే. వారు పక్షిని గురిచూతురు. చూడవలసినది పక్షి దిగబోవు చోటు.

ఒడిసెల

చేను కాచు విద్య ఈ నేలకు మిక్కిలి పాతది. శాతవాహన రాజగు హాలుని పేర వెలసిన గాథాసప్తశతిలో చిలుకల బారినుండి వరిచేలను కాచు స్త్రీల ప్రస్తావన కలదు. జనగామ జిల్లాలోని బమ్మెర గ్రామమునకు చెందిన పోతన మహాకవి సేద్యము చేసికొని జీవించెనని ప్రతీతి. చేను కాచుట చిన్నతనమని తలంచు యువకులు ఈ మాటలు గుర్తుంచుకొందురు గాక.

గోగునారతో గాని జనుపనారతో గాని పేనిన రెండు త్రాళ్లు, నడుమ రాయి పట్టునంతటి అల్లిక: ఇంతే ఒడిసెల. ఒక త్రాటి కొసనున్న ఉచ్చును వ్రేలికి తగిలించుకొని, రెండవ కొసను అదే చేతి వ్రేళ్ల నడుమ బిగించి పట్టవలెను. తలపై ఒకటి రెండు మారులు త్రిప్పి, పట్టిన కొసను వదలవలెను. క్రొత్తవాడు ఐదారు మారులు త్రిప్పును; దానివలన బలము పెరుగదు, గురి చెడును. బరువైన రాయి పెట్టును. అది దూరము పోదు. వదలుట ఆలస్యము చేయును. రాయి ప్రక్కకు పోవును. బీడులో ఎవ్వరును లేని వేళ, 30 అడుగుల దూరమున ఒక గుర్తు పెట్టుకొని సాధన చేసి, అది కుదిరిన పిదప 60 అడుగులకు పోవుట మంచిది.

రాతికంటె ఎండిన మట్టి ఉండ మేలు. రాళ్లు చేనిలో ప్రోగుపడి నాగటికి అడ్డమగును. మనిషికో పశువుకో తగిలినచో ప్రమాదము. మట్టి ఉండ నేల తాకగానే పగిలి దుమ్ము లేచును. ఆ దుమ్మే పక్షిని బెదరించును. ఏదైనను బాటవైపునకు, పశువులవైపునకు, కరెంటు తీగలవైపునకు ఎన్నడును విసరరాదు.

బెదురుబొమ్మ ఎన్నాళ్లు?

గడ్డిబొమ్మకు పాత అంగీ తొడిగి నిలిపినచో రెండు మూడు దినములు పక్షులు వెరచును. నాలుగవ దినమున దాని తలపైననే కూర్చుండును. లోపము బొమ్మలో లేదు. దానిని కదపకుండుటలో నున్నది. రెండు దినముల కొకసారి చోటు మార్చి, అంగీ మార్చి, దానిప్రక్కననే ఒకనాడు మనిషి దాగి లేచినచో బొమ్మకు మరల ప్రాణము వచ్చును. డబ్బా మ్రోతయు అట్టిదే. గడియ గడియకు ఒకే తీరుగా మ్రోగినచో అది పక్షికి లెక్కలోనికి రాదు.

రాజేంద్రనగరములోని వ్యవసాయ విశ్వవిద్యాలయమున పంటచేల పక్షులపై చిరకాలముగా పరిశోధనలు జరిగినవి. ఒకవైపు ఎరుపు, మరియొకవైపు వెండివన్నె గల మెరుపు రిబ్బనులను పంటకు కొంచెము ఎత్తుగా గుంజలకు మెలిపెట్టి కట్టుట అట్టి ఉపాయములలో నొకటి. ఎండకు మెరసి, గాలికి బుస్సుమని మ్రోగి ఇవి పక్షులను దూరము చేయును. గాలి లేని దినమున వీని బలము తగ్గును. మక్కచేనికి రామచిలుకల బెడద యున్నచోట, గట్టుప్రక్కనున్న మూడు నాలుగు సాళ్ల కంకులకు ఆ మొక్క ఆకులనే చుట్టి కట్టుట మరియొక ఉపాయము. చిలుకలు ఎక్కువగా అంచునుండియే మొదలుపెట్టును గనుక అంచు కాచినచో లోపలి పంట చాలవరకు దక్కును.

విత్తుటలోనే సగము కావలి

గింజ సరియైన లోతున పడి, మట్టి చక్కగా కప్పబడినచో పావురమునకు దొరకునది తక్కువ. ఇది బలమైన కాళ్లతో నేల గీకు కోడివంటిది కాదు. పైకి కనబడినదానిని ముక్కుతో ఏరుకొనును. విత్తిన వెంటనే చేను చదును చేయుట, కొసలలో చిందిన గింజను ఆనాడే ఏరివేయుట, బస్తా విప్పిన చోటును ఊడ్చుట: ఈ మూడు పనులకు పైసా ఖర్చు లేదు. వరి నారుమడిలో మొలకగింజ పైననే యుండును గనుక, అక్కడ మాత్రము మొదటి దినములలో కావలి తప్పదు.

మరియొక సంగతి. ఒకని చేనినుండి లేచిన మంద ఆకాశమున మాయముకాదు. ప్రక్కవాని చేనిలో వ్రాలును. గట్టుమీది తగవులు ఇట్లే పుట్టును. ఒక దిక్కున చేలున్న ఐదారుగురు రైతులు మాటలాడుకొని రెండు మూడు దినములలోనే అందరును విత్తినచో, పక్షులు ఒక్క చేనిమీదనే పడవు. అపాయపు దినములు అందరికి ఒక్కసారే ముగియును. పక్షులు వచ్చు త్రోవన ఒక్క మనిషిని వంతుల ప్రకారము నిలిపినచో ఆరు ఇండ్లవారు కావలి కాయవలసిన పని ఉండదు.

విషపు గింజ

ఓపిక నశించినవారు కొందరు పురుగులమందు కలిపిన గింజలు చల్లుదురు. ఇది నేరము, అంతకుమించి తన కాలిని తాను నరకుకొనుట. మందుకు పావురమును నెమలియు భేదము తెలియదు. 1963 నుండి జాతీయపక్షియైన నెమలి చచ్చినచో పోవునది జరిమానాతో తీరునది కాదు. మందు తిని పడిన పక్షిని కుక్క తినును, గ్రద్ద తినును. తెలియక వండుకొన్న మనిషియు తినును.

మహబూబాబాదు ప్రాంతపు మిరపచేలలో, పత్తిచేలలో పక్షులు కూర్చుండుటకు కొయ్య గుంజలు పాతుట రైతులెరిగినదే. ఆ గుంజపై కూర్చుండి పురుగును పట్టునది పసులపోలిగాడు. దున్నునప్పుడు నాగటివెంట నడచి పురుగుల నేరునది గోరువంక. రాత్రి ఎలుకను పట్టునది గుడ్లగూబ. దసరానాడు జమ్మిచెట్టువద్దకు పోవుచు జనము వెదకి చూచు పాలపిట్ట, తెలంగాణ రాష్ట్రపు పక్షి, చేని పురుగులను తిని బ్రదుకునదే. విషముతో చేను కాచిన ఊరిలో దసరానాడు పాలపిట్టకొరకు ఎంతదూరము నడువవలెనో ఆలోచింపుడు. చీనాలో 1958లో పిచ్చుకలు గింజ తినుచున్నవని దేశమంతయు వాటిపై దండెత్తెను. పిచ్చుకలు పోగా పురుగులు పెరిగెను. 1960లో ఆ పట్టికనుండి పిచ్చుకను తీసివేసి, దానిచోట నల్లిని చేర్చిరి.

ఒక బాలుని కథ

బొంబాయిలో ఒక బాలునికి గాలితుపాకి దొరకినది. అతడు ఒకనాడు కొట్టిన పిచ్చుక కంఠమున పసుపుమచ్చ కనబడినది. అది ఏ జాతియని పెద్దలనడుగగా, తెలిసికొనుటకు మేనమామ అతనిని ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపెను. అచ్చటి కార్యదర్శి మిల్లర్డు ఆ పక్షి పేరు చెప్పి, భద్రపరచిన పక్షుల అరలను తెరచి చూపెను. ఆ బాలుడే సలీం ఆలీ. 1931–32లో నాటి హైదరాబాదు రాష్ట్రపు పక్షులను పరిశీలించి లోకమునకు తెలిపినవాడు ఆతడే. అతని జీవితమును మార్చినది గురి కాదు. పడిన పక్షి ఏదియని పుట్టిన సందేహము.

క్రొత్త కావలివానికి ఆ సందేహమే మొదటి పనిముట్టు. ఒక చిన్న పుస్తకమున విత్తిన తేదీ, పక్షులు వచ్చిన వేళ, వచ్చిన దిక్కు, మొదట దిగిన చోటు వ్రాసికొన్నచో మరుసటి ఏడు అతడు క్రొత్తవాడు కాడు. పది దినములైన పిదప తాను బాగుగా కాచిన చోట పది అడుగుల సాలులోను, చూపు అందని మూలన పది అడుగుల సాలులోను మొలకలు లెక్కింపవలెను. ఆ రెండు అంకెల భేదమే అతని కష్టార్జితము. మూలన తక్కువైనచో మరుసటి యేడు ఎక్కడ కూర్చుండవలెనో ఆ అంకెయే చెప్పును.

మొలక రెండాకులు తొడిగిన ఉదయమున పావురములు యథాప్రకారము గుట్టనుండి వచ్చి, చేనిపై ఒక చుట్టు తిరిగి, తినదగినదేదియు కానక ముందునకు సాగిపోవును. ఆనాడు ఒడిసెలను చుట్టి చూరులో దోపి, పిల్లవాడు కలుపు తీయుటకు పోవచ్చును.